ఈత నేర్పేవాడు కూడా ఉండాలి

గోదావరి జిల్లాల్లో వాదన గెలవడానికి ఒక్క సామెత చాలు. "నీళ్లలో దిగకుండా ఈత వస్తుందేంటండీ?" అని ఒకడన్నాడంటే, అవతలివాడు టీ గ్లాసు కిందపెట్టి లేచిపోవడమే. యానాం ఫెర్రీ రోడ్డు చివర, గౌతమి గట్టున, నా మీద పడ్డ బాణం కూడా అదే. వేసిన పెద్దాయన నలభయ్యేళ్లు గోడౌన్ల చుట్టూ ఉద్యోగం చేసి దిగినవాడు. మా వీధి అమ్మాయికి నేవీలో లాజిస్టిక్స్ బ్రాంచిలో సెలక్షన్ వచ్చిందనీ, ముందు ఎళిమల అకాడమీలో, తర్వాత ముంబైలో ఐఎన్ఎస్ హమ్లాలో శిక్షణ ఉంటుందనీ నేను చెప్పడమే ఆలస్యం.

"ఆయ్, ఫైటింగు కాదు కదండీ మాస్టారూ. బియ్యం, బూట్లు లెక్కెట్టుకోడమే. దానికి కోర్సులేంటండీ, పరీక్షలేంటండీ, దండగ కాకపోతే! ఆర్నెల్లు స్టోర్సులో ఓ పాత హవల్దారు పక్కన కూచోబెడితే అదే వచ్చేస్తది."

నేవీలో హవల్దార్లు ఉండరు, పెట్టీ ఆఫీసర్లు ఉంటారు. ఆ సంగతి అలా ఉంచుదాం. ఆయనొక్కడి మాటే అయితే నవ్వి ఊరుకునేవాణ్ని. కానీ ఇది గట్టు మీద కబురు కాదు. ఖర్చు తగ్గించాలని చూసే లెక్కల అధికారి, రేపటి పనికి మనిషి కావాలనే కమాండరు, క్లాసురూము అంటేనే ఆవలించే కుర్ర ఆఫీసరు, ముగ్గురూ లోలోపల నమ్మే మాటే ఇది. ఫైటింగు వాడికి శిక్షణ కావాలి, సప్లై వాడికి అలవాటు చాలు. పని చేస్తూ పోతే పనే నేర్పుతుంది. వినడానికి ఎంత బావుందో అంత తప్పు.

సరే, ఈత దగ్గరే మొదలెడదాం. మన ఊళ్లలో పిల్లలకి ఈత ఎలా నేర్పుతారు? పంట కాలవలో నడుంలోతు నీళ్లున్న రేవు చూసుకుంటారు. వీపుకి ఎండిన సొరబుర్ర కడతారు. ఇంట్లో పెద్దవాడొకడు నీళ్లలో నిలబడి గడ్డం కింద చెయ్యేసి పట్టుకుంటాడు. కొన్నాళ్లకి బుర్ర తీసేస్తారు. తీసేది పిల్లాడు కాదు, పెద్దవాడు. పైగా ఆ పెద్దవాడికి పిల్లాడు ఆ పూటే ఈదేసి అవతలి గట్టునున్న గేదెల్ని తోలుకు రావాలన్న తొందరేమీ లేదు. వరద గోదాట్లోకి తోసేసి "అదే వస్తుందిలే" అని ఇంటికెళ్లిపోయిన తండ్రిని నేను చూడలేదు. సామెత చెప్పేవాళ్లు మాత్రం నీళ్లొక్కటే ఉంచుకుని లోతు చూసి రేవు ఎంచుకోవడాన్నీ, బుర్రనీ, పెద్దవాణ్నీ పారేశారు. నా తగాదా అంతా ఆ పారేసిన వాటి గురించే.

ముందు ఆ పనేమిటో చూద్దాం. బియ్యం, బూట్లు లెక్కపెట్టుకోవడమేనా?

మనకి ముప్ఫై కిలోమీటర్ల లోపే కాకినాడ తీరం. 2019 నవంబరులో ఇండియా, అమెరికా త్రివిధ దళాలు కలిసి "టైగర్ ట్రయంఫ్" పేరుతో విశాఖలోనూ కాకినాడ దగ్గరా విన్యాసాలు చేశాయి. తుపానో భూకంపమో వచ్చిన చోటికి సముద్రం మీంచి సహాయం ఎలా దించాలన్నదే అక్కడి పాఠం. మన ఐఎన్ఎస్ జలాశ్వ వచ్చింది, వాళ్ల జెర్మన్‌టౌన్ వచ్చింది. తర్వాత 2024లోనూ 2025లోనూ అదే తీరంలో మళ్లీ జరిగాయి. పేపర్లలో వచ్చిన ఫొటోల్లో నురగలు కక్కుతూ ఒడ్డెక్కే బళ్లు, పరిగెత్తే జవాన్లు. చూసినవాళ్లంతా ఆ పరుగునే చూశారు. ఆ బండి ఓడ కడుపులో ఏ వరసలో నిలబడి వచ్చిందో ఎవరూ అడగలేదు.

ఓడలో ముందెక్కింది చివర దిగుతుంది. ఇల్లు మారిన ప్రతి ఇల్లాలికీ తెలిసిన సూత్రమే. పొయ్యి, పాలగిన్నె, దేవుడి పటం లారీలో ఆఖర్న ఎక్కించాలి, కొత్తింట్లో ముందు పాలు పొంగాలి కనుక. ఇప్పుడా సూత్రాన్ని ఓడంత పెంచండి. మందుగుండు పక్కన పెట్రోలు పెట్టకూడదు. బరువంతా ఒక పక్కకి చేరకూడదు. మంచినీళ్ల ట్యాంకరు ముందు దిగాలి, కానీ ఇసకలో అది కూరుకుపోకుండా పరిచే చాపలు దానికన్నా ముందు దిగాలి. ఆసుపత్రి గుడారం దిగి, జనరేటరు అట్టడుగున ఉండిపోతే గుడారం ఉత్త గుడ్డ. ఇక ఒడ్డున ఆటుపోట్లు మన ఇండెంటు చూసుకుని రావు. ఈ లెక్క వెయ్యాల్సింది పెద్దాయన భాషలో "బూట్లు లెక్కెట్టుకునేవాడు". ఆర్నెల్లు గోడౌన్లో కూర్చున్నవాడికి ఇందులో ఒక్క ముక్క కూడా ఎదురుపడదు.

అసలు కిటుకు ఇక్కడుంది. పని ఏది పదేపదే జరుగుతుందో దాన్నే నేర్పుతుంది. గోడౌను రోజూ చూపించేది మూడే ముక్కలు: వచ్చింది, పోయింది, నిల్వ ఇంత. అది వందసార్లు చూస్తే అది వస్తుంది, కాదనను. కానీ సప్లై ఆఫీసరు జీతం తీసుకునేది ఆ వంద రోజుల కోసం కాదు. నిల్వ చాలని రోజు, రోడ్డు తెగిన రోజు, ఇద్దరు ఒకే సరుకు అడిగిన రోజు, ఆ నూటొకటో రోజు కోసం. ఆ రోజు గోడౌన్లో రిహార్సల్స్ చెయ్యదు. ఆర్నెల్లు కూర్చున్నవాడికి వచ్చేది లాజిస్టిక్స్ కాదు, ఆ గోడౌను.

అనుభవం నేర్పకపోవడం ఒక్కటే అయితే సర్దుకోవచ్చు. అది తప్పు కూడా నేర్పుతుంది. ఈ మాట యానాం వాళ్లకి చెప్పక్కర్లేదు, మన చరిత్రలోనే ఉంది. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో ఇక్కడ ఫ్రెంచి జెండా దిగింది. దానికి అయిదు వారాల పైచిలుకు ముందు, మే 7న, వియత్నాం కొండల్లో ఫ్రెంచి కోట ద్యేన్‌బ్యేన్‌ఫూ పడిపోయింది. అక్కడ ఫ్రెంచివాళ్లు మూర్ఖులై ఓడలేదు. అనుభవజ్ఞులై ఓడారు. రెండేళ్ల ముందు, 1952లో, నా సాన్ అనే చోట ఇలాగే కొండల మధ్య కోట కట్టుకుని, విమానాల్లో సరుకు తెచ్చుకుని, దాడుల్ని తిప్పికొట్టారు. ఆ విజయం ఒక పాఠం చెప్పింది: శత్రువు ఈ అడవుల్లోకి పెద్ద ఫిరంగులు తేలేడు, తెచ్చినా వాటికి గుళ్లు అందించలేడు. వియత్నాం సేనాని జియాప్ సైన్యం ఫిరంగుల్ని తాళ్లతో మనుషుల చేత లాగించింది. సైకిళ్లకి వెదురు బొంగులు కట్టి ఒక్కోదాని మీద రెండు వందల కిలోల పైచిలుకు తోయించింది. ముట్టడి మొదలైన రెండో రోజు రాత్రే ఫ్రెంచి ఫిరంగి దళపతి పిరో తన ప్రాణం తానే తీసుకున్నాడు. శత్రువు సరఫరా మీద వేసిన అంచనా తప్పిందని అతనికన్నా బాగా తెలిసినవాడు ఆ లోయలో లేడు. "పని నేర్పుతుంది" అనేవాళ్లు జవాబు చెప్పాలి: నా సాన్‌లో పని ఏం నేర్పింది?

ఇంకా దగ్గరి కథ కావాలా? పిఠాపురం పక్కన చందుర్తికి వెళ్దాం. 1753లో నిజాము దగ్గర ఉత్తర సర్కారులు సంపాదించినవాడు ఫ్రెంచి సేనాని బుస్సీ. బొబ్బిలి యుద్ధం పుణ్యాన మనకి అతను విలన్‌గానే తెలుసు, ఆ పేరు అతనికి తగినదే. కానీ అయిదేళ్ల పాటు పరాయి దేశంలో సైన్యానికి జీతం, గింజ, ఎడ్లు, మందుగుండు ఆగకుండా అందించిన మనిషి కూడా అతనే. సర్కారులు అతనికి దక్కిందే సైన్యం జీతాల ఖర్చు కింద. ఏ జమీందారు ఏ కిస్తీ ఎప్పుడు కడతాడు, ఎవణ్ని బెదిరించాలి, ఎవణ్ని బుజ్జగించాలి, ఇదంతా ఎక్కడ రాసిపెట్టి ఉంది? ఎక్కువ భాగం బుస్సీ బుర్రలో. 1758లో ఫ్రెంచి పెద్ద సేనాని లాలీ అతన్ని దక్షిణానికి పిలిపించాడు. చార్జి కాన్‌ఫ్లాన్స్ అనే కొత్తవాడికి వచ్చింది. అదే ఏడు డిసెంబరులో ఇంగ్లీషు కర్నల్ ఫోర్డు చేతిలో చందుర్తి దగ్గర కాన్‌ఫ్లాన్స్ చిత్తయ్యాడు. గుర్రమెక్కి రాజమండ్రి దాకా పారిపోయాడు. మరుసటి ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట కూడా పోయింది. పట్టుబడ్డ ఫ్రెంచి పక్షం మనుషులు ఫోర్డు సొంత దళం కన్నా ఎక్కువ! కోటలో మనుషులకీ మందుగుండుకీ లోటు లేదు. అవన్నీ నడిపే విద్య ఒక్కడి తలకాయలో ఉండి, ఆ తలకాయ బదిలీ అయిపోయింది.

గెలిచిన ఫోర్డు సంగతి ఏమంత బాగుందని! డబ్బిస్తానన్న విజయనగరం ఆనందగజపతి చందుర్తి తర్వాత చెయ్యి బిగించేస్తే, గెలిచిన సైన్యం రోజుల తరబడి కదల్లేదు. మచిలీపట్నం ముందర సొంత సిపాయీలు కాదు, తెల్ల సోల్జర్లే కొల్లసొమ్ము కోసం ఎదురుతిరిగారు. యుద్ధంలో అటూ ఇటూ కూడా ఖజానా తాళమే కత్తి కన్నా ఎక్కువ తీర్పులు చెప్పింది. సినిమాల్లో ఆ తాళం కనపడదు.

"ఆ రోజులు వేరండీ, ఇప్పుడు కంప్యూటర్లున్నాయి" అంటారు. ఉన్నాయి. కంప్యూటరు పెట్టి ఇదే పొరపాటు చేసిన కథా ఉంది. చేసింది ప్రపంచంలోకెల్లా డబ్బున్న నౌకాదళం. 2003లో అమెరికా నేవీ తన కుర్ర ఆఫీసర్లకి న్యూపోర్టులో నెలల తరబడి జరిపే బడిని ఎత్తేసింది. డబ్బు ఆదా అవుతుందన్నారు. బదులుగా సీడీల కట్ట చేతిలో పెట్టి ఓడెక్కించారు. ఖాళీ దొరికినప్పుడు చూసుకో, పని చేస్తూ నేర్చుకో, పైఅధికారి చూసుకుంటాడు. ఓడలో ఖాళీ ఎక్కడిది? పైఅధికారికి తీరికెక్కడిది? దాదాపు పదేళ్లకి తప్పు తెలిసి, 2012లో మళ్లీ కొన్ని వారాల క్లాసురూము పెట్టారు. 2017 జూన్‌లో ఫిట్జ్‌జెరాల్డ్, ఆగస్టులో జాన్ మెకెయిన్, రెండు యుద్ధనౌకలు వాణిజ్య నౌకల్ని గుద్దుకున్నాయి. మొత్తం పదిహేడు మంది నావికులు చనిపోయారు. కారణాలు చాలా ఉన్నాయి. సీడీలే చంపాయని నేననను. కానీ ఆ ఏడాది వాళ్ల ప్రభుత్వ ఆడిట్ సంస్థ బయటపెట్టిన ఒక్క అంకె చూడండి. జపాన్‌లో ఉండే క్రూజర్లు, డిస్ట్రాయర్ల సిబ్బంది సామర్థ్య ధ్రువపత్రాల్లో 37 శాతం గడువు తీరిపోయి ఉన్నాయి. ఓడలు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. అంటే ఏమన్నమాట? పని ఆగకపోతే చాలు, పరీక్ష ఎప్పుడైనా పెట్టుకోవచ్చన్నది పద్ధతిగా మారిపోయింది. మన కాకినాడ తీరానికి వచ్చిన జెర్మన్‌టౌన్ కూడా అప్పట్లో ఈ ఓడలున్న ఏడో నౌకాదళానిదే.

అది నావ నడిపేవాళ్ల కథ కదా, సప్లై వాళ్లకేం సంబంధం అంటారేమో. సప్లై వాళ్లకి ఇంకా ఎక్కువ సంబంధం. నావ తప్పుగా నడిపితే ఆ రాత్రే గుద్దుకుంటుంది. ఇండెంటు తప్పుగా రాస్తే ఏడాదికి గాని తెలియదు. అప్పటికి రాసినవాడు బదిలీ అయిపోయి ఉంటాడు. ఈ తేడాయే సప్లై శిక్షణని అందరూ చులకనగా చూడ్డానికి అసలు కారణం. 2011లో పార్లమెంటు ముందుకొచ్చిన కాగ్ నివేదిక మన సైన్యానికి అందే రేషన్ మీద వేలు పెట్టింది. గడువు దాటిన సరుకు కూడా గడువు పొడిగించి జవాన్లకి వడ్డించారని తేల్చింది. ఒక్క తూటా పేలలేదు. ఎవడూ పారిపోలేదు. లెడ్జర్లో అంతా సవ్యంగానే ఉంది. గడువు పొడిగించడం ఏ నేరగాడో కనిపెట్టిన కుట్ర కాదు. పక్కన కూర్చున్నవాడు చూసి నేర్చుకున్న అలవాటు. పాతవాడి పక్కన కూర్చోబెట్టి నేర్పితే పాతవాడి విద్య ఒక్కటే వస్తుందా? పాతవాడి దొంగదారులు కూడా వస్తాయి.

ఇక సంతకం సంగతి. ఉద్యోగంలో శిక్షణ అంటే ప్రపంచమంతటా ఒక పుస్తకం ఉంటుంది. ఈ పని చేశాడు, ఆ పని చేశాడు అని గళ్లు. ఒక్కో గడి పక్కన పెద్దవాడి సంతకం. గళ్లు నిండితే అర్హత వచ్చినట్టు. మంచి పద్ధతే. కానీ సంతకం పెట్టేదెవరు? ఆ కుర్రవాడు త్వరగా అర్హుడైతే ఎవరి డ్యూటీ సగమవుతుందో ఆయనే. ఓ పక్క ఇన్‌స్పెక్షన్ ముంచుకొస్తోంది, ఇంకో పక్క ఇద్దరి పని ఒక్కడి మీద పడింది. ఈ లోపల కుర్రవాణ్ని మెస్సు ఏర్పాట్లకీ అతిథుల కార్లకీ తిప్పడంతోనే సరిపోయింది. సాయంత్రం తీరిగ్గా పది గళ్లకి ఒకేసారి సంతకాలు. అమెరికా నావికులకి ఈ దొంగ సంతకాలకి ప్రత్యేకంగా ఒక ముద్దుపేరే ఉంది: గన్‌డెక్కింగ్. ఒక తప్పుకి ముద్దుపేరు పుట్టిందంటే అది ఎంత సాధారణమో వేరే చెప్పక్కర్లేదు. మన దగ్గర దానికి పేరు పెట్టలేదు, మనకి అది తప్పుగా తోచదు కాబట్టి. "సర్దుకుపోదాం" అంటాం.

ధాన్యం కొనుగోలు కేంద్రానికి వెళ్లి చూడండి. తేమ 17 శాతం దాటకూడదు. ఆ తేమని అమ్ముకునే రైతే కొలిచి తానే రాసుకుంటానంటే ఎవరైనా ఒప్పుకుంటారా? బస్తాలోకి ఇనపగొట్టం గుచ్చి గింజలు తీసే మనిషి రైతు మనిషై ఉండకూడదని పామరుడికి కూడా తెలుసు. బస్తా వడ్లకి ఉన్న ఈ మర్యాద, వెయ్యి మంది తిండి చూసే ఆఫీసరు అర్హతకి ఉండొద్దా?

పెద్దాయన హవల్దారు మీద ఆయనకున్నంత గౌరవం నాకూ ఉంది. సైన్యంలో కుర్ర ఆఫీసరుకి అసలు గురువు అతనే. లెఫ్టినెంటుకి తెలియకుండా లెఫ్టినెంటుని కాపాడేది కూడా అతనే. కానీ ఆ హవల్దారు ఇరవయ్యేళ్లు అరల మధ్య తిరిగి హవల్దారయ్యాడు. 2022 జూన్‌లో అగ్నిపథ్ వచ్చాక చేరిన కుర్రాళ్లు నాలుగేళ్లుంటారు, వాళ్లలో నాలుగోవంతుకి మించి మిగలరు. స్టోర్ కీపర్లకీ గుమాస్తాలకీ కూడా అదే లెక్క. సికింద్రాబాద్ ఆర్డ్‌నెన్స్ సెంటరు నుంచి వచ్చే కుర్రాడు సరుకు పేరు, నంబరు, అర, దాని రోగం అన్నీ తెలుసుకునేసరికి మూడొంతుల మందికి సామాను సర్దుకునే వేళవుతుంది. ఆ విధానం మంచిదా చెడ్డదా అన్నది ఇంకో వ్యాసం. నా ప్రశ్న ఇంతే: మీ శిక్షణ పద్ధతి మొత్తం ఒక పాత హవల్దారు మీద నిలబడి ఉంటే, ఆ పాత హవల్దార్లు పలచబడే రోజుల్లో అది దేని మీద నిలబడుతుంది?

సప్లై పనంటే ఈ చులకన ఎక్కణ్నించి వచ్చిందో కూడా చూడాలి. 1990ల మొదట్లో సైన్యంలోకి ఆడవాళ్లని తీసుకోవడం మొదలెట్టినప్పుడు నేవీ ముందుగా తెరిచిన తలుపులు ఏవి? చదువు చెప్పడం, చట్టం, లాజిస్టిక్స్. ఇవి "మెత్తని" పనులని ఎవరో అనుకున్నారు కాబట్టే గదా! వాళ్లకి శాశ్వత కమిషను ఇవ్వడానికి సుప్రీంకోర్టు 2020 మార్చిలో చెప్పాల్సొచ్చింది. పనిని చులకన చేసినవాళ్లు మనిషినీ చులకన చేశారు. మనిషిని చులకన చేశాక ఆ పనికి పరీక్ష ఎందుకన్నారు. మా వీధి అమ్మాయి విషయంలో పెద్దాయన నోట "ఫైటింగు కాదు కదండీ" అన్న మాట దొర్లడం యాదృచ్ఛికం కాదని నా అనుమానం. ఆయన ఒప్పుకోడు.

అయితే ఎదుటి పక్షానికి ఒక బలమైన సాక్షి ఉన్నాడు. పెద్దాయన ఆ పేరు చెప్పలేదు గాని, నేనే చెబుతాను. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదాట్లో పర్యాటకుల బోటు మునిగింది. అధికార యంత్రాంగం, గజ ఈతగాళ్లు, సోనార్ పరికరాలు అన్నీ వచ్చాయి. చివరికి అక్టోబరు 22న ఆ బోటుని పైకి లాగింది కాకినాడకి చెందిన ధర్మాడి సత్యం బృందం. ఇనప తాళ్లు, లంగర్లు, ఓర్పు. "ఆయన ఏ కోర్సు చేశాడండీ?" అని అడగొచ్చు. అడగాల్సిందే.

నా జవాబు ఇది. ఆయన విద్య కాగితం మీద నేర్చింది కాకపోవచ్చు, కానీ ఊరికే పక్కన కూర్చుంటే వచ్చిందీ కాదు. ఆ పనిలో మార్కులు వేసేది నది. నది మొహమాటపడదు, సంతకం పెట్టదు. పడవ పైకొస్తే పాసు, రాకపోతే ఫెయిలు, గట్టున జనమంతా చూస్తుండగా. ఆయన ప్రయత్నాలు కూడా మొదట్లో విఫలమయ్యాయి, లోకమంతా టీవీలో చూసింది. మిలిటరీ గోడౌన్లో అలాంటి నది ఏది? అక్కడ ఫెయిలయ్యే అవకాశమే లేదు. ఎవడూ ఫెయిలు కాని పరీక్ష పరీక్ష కాదు, పేరంటం. ధర్మాడి సత్యం నా సాక్షేగాని వాళ్ల సాక్షి కాదు.

కోర్సు ఒక్కటీ చాలునని నేనెప్పుడూ అనలేదు, అననివ్వకండి. 1962 చైనా యుద్ధంలో నమ్‌కా చూ లోయలో ఉన్న మన బ్రిగేడుకి సాంగ్‌ధర్ మీద విమానాల్లోంచి వదిలిన సరుకు ఎంతో భాగం లోయల్లోకి దొర్లిపోయింది. చలికోటు లేని జవాన్లు నూలుబట్టల్లో పోరాడారు. వాళ్ల పైనున్న కోర్ కమాండరు బి.ఎం. కౌల్ చాలా ఏళ్లు ఆర్మీ సర్వీస్ కోర్‌లో, అంటే సప్లైలో, పనిచేసినవాడే! భుజం మీద సప్లై బిళ్ల ఉన్నంత మాత్రాన సప్లై తెలిసినట్టు కాదని చెప్పడానికి అంతకన్నా చేదు ఉదాహరణ దొరకదు. సర్టిఫికెట్టూ చాలదు, సర్వీసు ఏళ్లూ చాలవు.

ఇప్పుడు పైస్థాయిలో కదలిక లేకపోలేదు. 2021 ఏప్రిల్‌లో ముంబైలో మూడు దళాల ఉమ్మడి లాజిస్టిక్స్ కేంద్రం మొదలైంది. 2024 సెప్టెంబరులో సైన్యం, వాయుసేన వడోదరలోని గతిశక్తి విశ్వవిద్యాలయంతో ఒప్పందం రాసుకున్నాయి. బెంగుళూరులో ఆర్మీ సర్వీస్ కోర్ కాలేజీ, జబల్‌పూర్‌లో ఆర్డ్‌నెన్స్ వాళ్ల మెటీరియల్స్ మేనేజ్‌మెంట్ కాలేజీ, ముంబైలో హమ్లా ఎలాగూ ఉన్నాయి. బళ్లకి కొదవ లేదు. కొదవంతా బడికీ గోడౌనుకీ మధ్యనున్న ఆ మొదటి ఏడాదికి. కోర్సు అయిపోయి యూనిట్లో అడుగుపెట్టిన రోజు నుంచి కుర్ర ఆఫీసరు శిష్యుడా, పనివాడా? రెండూ అంటారు. రెండూ అన్నచోట ఎప్పుడూ పనివాడే గెలుస్తాడు. అందుకే నేనడిగేది పెద్దదేం కాదు. వారానికి ఇన్ని గంటలు వాడు శిష్యుడు, ఆ గంటల్లో కమాండరు పిలిచినా రాడు అని రాతపూర్వకంగా ఉండాలి. నేర్పినవాడి వార్షిక రిపోర్టులో నేర్పినదానికి మార్కులుండాలి. ఇప్పుడు నేర్పడం దానం, చేస్తే పుణ్యం, మానేస్తే పాపం లేదు. అర్హత చూసేవాడు వేరే ఓడ నుంచో వేరే డిపో నుంచో రావాలి, ఈ కుర్రవాడు పాసైనా ఫెయిలైనా తన డ్యూటీ మారనివాడు. ఫెయిలైనవాడు ఇంకో మూడు నెలలు నేర్చుకుని మళ్లీ రాస్తే అతని భవిష్యత్తుకి మచ్చ పడకూడదు. మచ్చ పడుతుందంటే ఎవడూ ఫెయిలు చెయ్యడు, మళ్లీ పేరంటమే.

ఇంతా విని పెద్దాయన నవ్వారు. "అయితే ఆ పరీక్షేదో మీరే పెట్టండి మాస్టారూ, నేను రాస్తాను. నలభయ్యేళ్ల సర్వీసు నాది."

పెట్టాను. ఊరు వేరే వెతుక్కోవాలా, యానామే చాలు. ముప్ఫై చదరపు కిలోమీటర్ల ఊరు, చుట్టూ ఆంధ్ర, ప్రభుత్వం ఎనిమిది వందల కిలోమీటర్ల పైన పుదుచ్చేరిలో. కాకినాడ లారీ డ్రైవర్లు డీజిలు చౌకని ఇక్కడికొచ్చి ట్యాంకు నింపుకు పోతారు. ఆ మాటకొస్తే లాజిస్టిక్స్ లెక్కలు వాళ్లకి బాగా వచ్చు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర ముప్ఫై అయిదు లక్షల క్యూసెక్కులు దాటిన వరదా, 1996 నవంబరు 6 రాత్రి తుపానూ, 2022 జూలైలో వీధుల్లోకి వచ్చిన గోదారీ, అన్నీ చూసిన ఊరు. ప్రశ్న ఇదీ:

ఆగస్టు నెల. ధవళేశ్వరంలో నీటిమట్టం 17.75 అడుగులు దాటింది, మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. కాకినాడ రోడ్డు మీద నీళ్లు. ఎదుర్లంక వైపు వారధి ఉంది గాని, అవతల లంకలన్నీ మునిగాయి. మీకు నేవీ జెమినీ పడవలు నాలుగు ఇచ్చారు, పెట్రోలు రెండింటికే సరిపోతుంది. మీ దగ్గరున్నవి అయిదు వేల పులిహోర పొట్లాలు, సాయంత్రానికి పాసిపోతాయి. మంచినీళ్లు, పాలపొడి, ఇన్సులిన్, అగ్గిపెట్టెలు కాకినాడలో ఉన్నాయి. పడవలు నేవీవి, పెట్రోలు బంకు యానాం పరిధిలోది, పాలపొడి ఆంధ్ర ప్రభుత్వానిది, మునిగిన కాలనీలు రెండు ప్రభుత్వాలవీ. మొదటి పడవలో ఏమెక్కిస్తారు? రెండో పడవ ఎటు? ఏ కాగితం మీద ఎవరి సంతకం కోసం ఆగుతారు, ఎవరి సంతకం లేకుండా వెళ్తారు? దేన్ని వదిలేస్తారు?

టైము గంట. పక్కన హవల్దారు ఉండకూడదు.

పెద్దాయన కాగితం తీసుకుని పెన్ను కోసం జేబులు తడుముకున్నారు. పులిహోర ముందు, అని మొదలెట్టి, కాసేపాగి దాన్ని కొట్టేశారు. నేను ఇంకో రెండు టీలు చెప్పాను.